నేలే లేచి నిలబడ్డ గుడి

ఓ రామప్పా! రాతిలో రాగానివి, ఇటుకలో ఈకవు, ఇసుకలో ఇంకిన ఊపిరివి! ములుగు అడవుల మాటున, పాలంపేట పొలాల చాటున, ఎరుపై పండి నలుపై మెరిసే వేలుపు లోగిలివి! శాసనం నీలోని స్వామిని రుద్రేశ్వరుడంది. భక్తి ఆయన్ను రామలింగేశ్వరుడని కొలిచింది. జనం నాలుక మాత్రం నిన్ను చెక్కిన చేతిని మరవలేక, శిల్పిదని నమ్మిన పేరునే నీకు పెట్టి పిలుచుకుంది. కట్టించినవాడి పేరు రాతిపలక మీద నిలిచింది. ఉలి పట్టినవాడి పేరు ఊరూరి నోటా వెలిగింది.

నీవు రాకముందు ఇక్కడ గుట్టలున్నాయి, గుట్టల నడుమ పల్లం ఉంది, పల్లంలో పరుగులు తీసి పారిపోయే వాననీరు ఉంది. గణపతిదేవ మహారాజు సేనాని రేచర్ల రుద్రుడు ఆ నీటిని ఆగమన్నాడు. కట్ట లేచింది, కట్టకు ఆగిన నీరు చెరువైంది, చెరువు కింద చేను పచ్చబడింది, చేను పక్కన ఊరు ఊపిరి పోసుకుంది, ఆ ఊరి గుండెలో, 1213లో, నీవు నిలిచావు. నీటికి నిలకడ, గింజకు తడి, మనిషికి నీడ, మనసుకు దైవం. నాలుగు పేటల ఈ దండలో ఏ పేట తెంచినా నీవు నీవు కావు. నీ శిఖరాన్ని చూసి మురిసే కళ్లు నీ చెరువును చూడకుండా వెనుదిరిగితే సగం దర్శనమే అయినట్టు. ఆ చెరువు ఈనాటికీ మడులకు పాలు చేపుతూనే ఉంది!

నీ అడుగున ఇసుక ఉంది. గుంత తవ్వి, ఇసుక నింపి, ఆ ఇసుక పాన్పు మీద ఇంత రాతిబరువును పవళింపజేసిన ధైర్యం ఎవరిది! మొండిగా నిలిచేది విరుగుతుందని, ఒదిగి నిలిచేది మిగులుతుందని వాళ్లకు ఏ వాగు నేర్పింది? భూమి ఒళ్లు విరిచినప్పుడల్లా ఆ ఇసుక జరిగింది, సర్దుకుంది, అదురును రేణువు రేణువుకూ పంచింది. నీ మండపపు నేల ఎగుడుదిగుడైంది. కొన్ని స్తంభాలు ఒరిగాయి. శిఖరం మాత్రం తల వంచలేదు! అలలెత్తిన ఆ బండల మీద అడుగు వేస్తే భూమి తన కలతను అరికాలికి చెబుతుంది, నీవు నీ ఓర్పును అరికాలికే నేర్పుతావు.

నీ గోడలది ఎర్రని ఇసుకరాయి, నీ స్తంభాలది నల్లని డోలరైటు. ఒకటి ఎండను తాగుతుంది, ఒకటి ఎండను తిప్పి పంపుతుంది. తూరుపు మెట్లెక్కి పొద్దు లోపలికి అడుగుపెట్టగానే నీ ఎరుపు మోదుగుపూవై విచ్చుకుంటుంది, నీ నలుపు నీలాల మడుగై నిగనిగలాడుతుంది. అది రాయా, రెప్పవేయని కన్నా? అది నునుపా, నూరేళ్ల తపసు మెరుపా? కోణాలు కోణాలుగా విచ్చిన నక్షత్రపు వేదిక, దాని మీద మూడు దిక్కులా తెరచిన వాకిళ్లు, మండపం అంచున కూర్చోమనే రాతి అరుగులు! దేవుణ్ణి చూడవచ్చినవాణ్ణి కాసేపు కూర్చోబెట్టి, గాలిని చూపి, గుట్టను చూపి, నీవున్న చోటునే ప్రసాదంగా పంచే గుడివి నీవు.

నీ చూరు కింద వాలిన ఆ నల్లని సుందరాంగుల మాట ఏమని చెప్పను! పామును పైటలా చుట్టుకున్న నాగిని, ఎత్తు మడమల చెప్పులు తొడిగిన వేటకత్తె, నడుము విల్లై, చూపు బాణమై, అడుగు తాళమై, బరువు మోయవలసిన చోట బరువే లేనట్టు నిలిచిన మదనికలు! సూది దూరేంత సన్నని సందుల్లో ఉలి ఎలా దూరింది? రాతిచెట్టు నీడన వేణువూదే నీ కృష్ణుణ్ణి మీటితే రాయి స్వరమెలా పలికింది? నీ చుట్టూ ఏనుగుల బారు నడుస్తోంది. ఆ గణపతిదేవుడి గజసేనను నడిపిన జాయపసేనాని నృత్తరత్నావళి రాశాడు. ఆయన తాళపత్రంలో అడుగుల లెక్క దాచాడు, నీవు నీ స్తంభాల్లో అడుగుల చప్పుడు దాచావు. ఎన్నో తరాల తర్వాత నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ ఆ గ్రంథాన్నీ నీ శిల్పాలనూ కలిపి చదివి పేరిణి నాట్యానికి మళ్లీ ప్రాణం పోశాడు. నేల మీది ఆట రాతిలోకి ఎక్కింది, రాతిలోని ఆట నేల మీదికి దిగింది!

మరి నీ శిఖరం! కింద అంత బరువు, పైన అంత తేలిక! మట్టిని మలిచి, కాల్చి, దాని ఒంటినిండా గాలిగదులు పొదిగి, నీటిలో వేస్తే తేలే ఇటుకలు చేసి, వాటితో గోపురం ఎత్తారు నీ వాళ్లు. మబ్బు మీద మబ్బు పేర్చినట్టు, ఊపిరి మీద ఊపిరి ఉంచినట్టు ఎత్తారు. చెరువు నీరు, వాగు ఇసుక, గుట్ట రాయి, చేని మట్టి, అడవి గాలి. ఓ రామప్పా, నిన్ను ఎక్కడి నుంచో తెచ్చి ఇక్కడ నిలపలేదు. ఇక్కడి నేలే కళ్లు నులుముకుని, ఒళ్లు దులుపుకుని, చేతులు జోడించి లేచి నిలబడితే అది నీవయ్యావు!

నీ ఎదుట నంది చెవులు నిక్కించి ఉంది. స్వామి పిలిచీ పిలవకముందే లేవబోయే ఆ తీరు చూడు! ఎటు జరిగినా మనవైపే చూసే ఆ కన్ను చూడు! 2021లో ప్రపంచ వారసత్వ పట్టికలో నీ పేరెక్కింది. లోకమంతా నీవైపు తిరిగింది. నీవు మాత్రం తూరుపుకే తిరిగి ఉన్నావు, నీ చెరువు చల్లదనంలోనే ఉన్నావు, నీ పాలంపేటకే చెంది ఉన్నావు. ఒక్క చోటికి ఇంతగా చెందినందుకే కదా, అన్ని చోట్లవాళ్లకూ చెందావు!

మా నగరాలను చూశావా రామప్పా? ఎండను ఎరగని అద్దాల మేడలు, వానను తలవని కాంక్రీటు వాకిళ్లు, పలక మీద పేరు చదివితే గాని ఏ ఊరో తెలియని వీధులు. మాకో వరమియ్యి! నిన్ను చూసినవాడు గీత గీసే ముందు గాలి దిక్కును అడుగుగాక. పునాది తవ్వే ముందు వాననీటి దారిని వెదుకుగాక. గోడ లేపే ముందు చుట్టుపక్కల రాయిని, మట్టిని, పనివాడి చేతిని పలకరించుగాక. అలిసినవాడికి ఒక అరుగు, ఆడేవాడికి ఒక ముంగిలి, చూసేవాడికి ఒక చెట్టు మిగుల్చుగాక. వాడు కట్టినది కళ్లు మూసుకుని తాకినా ఫలానా నేల అని తెలియుగాక! వాడి పేరును ఊరే తన పేరుగా పిలుచుకొనుగాక!