ఎత్తు బండి, పొట్టి కాళ్లు

పారిస్–డకార్ ర్యాలీని బీఎండబ్ల్యూ బండి మీద 1984లో ఒకసారి, 1985లో మరోసారి గెలిచిన బెల్జియం రైడరు గాస్టన్ రహియే పొట్టి మనిషి. సుమారు 164 సెంటీమీటర్లు, అంటే ఐదడుగుల నాలుగంగుళాల పైచిలుకు. ఎడారి దాటడానికి పెద్ద పెట్రోలు ట్యాంకు బిగించిన ఆ బండి మీద కూర్చుంటే ఆయన కాళ్లు నేలకు అందేవి కావు. అందుకని ఆయన కూర్చుని బయలుదేరేవాడే కాదు. పక్కన ఫుట్‌రెస్ట్ మీద నిలబడి, బండిని కదిలించి, అది ముందుకు సాగుతుండగా రెండో కాలు అవతలికి వేసేవాడు. పొట్టివాడికి పుట్టెడు బుద్ధులని మనవాళ్లు ఊరికే అనలేదు.

ఆ మాటకొస్తే ఈ విద్య మనకూ కొత్తది కాదు. నాన్న తొక్కే పెద్ద సైకిలు తప్ప ఇంట్లో మరొకటి లేని రోజుల్లో పిల్లలు మొదట కడ్డీ కిందనుంచి కాలు దూర్చి అడ్డతొక్కుడు తొక్కేవాళ్లు. కాస్త ధైర్యం వచ్చాక ఎడమకాలు పెడలు మీద పెట్టి, కుడికాలితో నేలను రెండు మూడు తన్నులు తన్ని, వేగం అందగానే సీటు మీదికి ఎగిరేవాళ్లు. ఆగాలంటే ఏ అరుగో, మైలురాయో చూసుకుని దాని మీద కాలు మోపేవాళ్లు. రెండు పాదాలూ నేలకు ఆనితేగానీ సైకిలు తొక్కకూడదని ఎవరూ చెప్పలేదు. అదే మనిషి పెద్దయ్యాక షోరూముకు వెళ్లి అడ్వెంచర్ బండి ఎక్కి, మునివేళ్ల మీద ఊగుతుంటే మాత్రం సేల్స్ కుర్రాడు మొహమాటంగా ‘మీకు ఎత్తవుతుందేమో సార్’ అంటాడు. ఆడవాళ్లయితే ఆ మొహమాటం కూడా ఉండదు, ‘స్కూటర్లు అటువైపున్నాయి మేడమ్’ అనేస్తాడు. మన దేశంలో మగవాళ్ల సగటు ఎత్తు 165 సెంటీమీటర్ల దరిదాపు, ఆడవాళ్లది 152 దరిదాపు. ఆ కుర్రాడి లెక్కన దేశంలో సగానికి సగం మంది ఈ బండ్ల జోలికే పోకూడదు.

ఈ బండ్లు అంత ఎత్తుండటం షోకు కోసం కాదు. రాళ్లలో, గుంతల్లో చక్రం పైకీ కిందికీ ఆడటానికి చోటు కావాలి. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450లో ముందూ వెనకా ఆ చోటు 200 మిల్లీమీటర్లు. ఇంజిను అడుగు రాయికి తగలకుండా నేలకు 230 మిల్లీమీటర్ల పైన ఉంటుంది. వీటన్నిటి మీద సీటు. 1980లో వచ్చి ఈ జాతికే మూలపురుషుడైన బీఎండబ్ల్యూ ఆర్ 80 జీ/ఎస్ సీటు 860 మిల్లీమీటర్ల ఎత్తు. మనకు తెలిసిన స్ప్లెండర్ 785, క్లాసిక్ 350 బుల్లెట్టు 805. 2016లో రాయల్ ఎన్‌ఫీల్డ్ తెచ్చిన మొదటి హిమాలయన్ సీటు 800 మిల్లీమీటర్లే, అంటే ఈ బుల్లెట్టు కంటే తక్కువ. మన కాళ్ల పొడవు తెలిసినవాళ్లెవరో ఆ బండి గీసి ఉంటారనిపిస్తుంది. తర్వాత వచ్చిన 450ది 825, సుజుకీ వీ–స్ట్రామ్ ఎస్ఎక్స్‌ది 835, 2020లో వచ్చిన కేటీఎం 390 అడ్వెంచర్‌ది 855. హీరో ఎక్స్‌పల్స్ 200 4వీ ప్రో అయితే ఏకంగా 891.

ఈ అంకెలు చూసి బండిని వద్దనుకునేవాళ్లు ఎక్కువ. నా లెక్కలో ఈ అంకెకున్న విలువ సగమే. సీటు ఎత్తు ఎంతో చెబుతారు గానీ, వెడల్పు ఎంతో చెప్పరు. ట్యాంకు దగ్గర సీటు వెడల్పుగా ఉంటే తొడలు పక్కలకు విచ్చుకుంటాయి, కాలి పొడవంతా ఆ వంపు చుట్టి రావడానికే ఖర్చవుతుంది. సన్నటి 830 సీటు మీద ఆనే పాదం, వెడల్పాటి 805 సీటు మీద ఆనకపోవచ్చు. పైగా మనిషి ఎక్కగానే స్ప్రింగులు కుంగుతాయి. ఎనభై కిలోల మనిషికి కుంగినంత యాభై అయిదు కిలోల మనిషికి కుంగవు. పొట్టివాళ్లు చాలామంది బరువూ తక్కువే కాబట్టి వాళ్లకు రెండు వైపులా దెబ్బే. మనిషి మొత్తం ఎత్తు కూడా పెద్ద ఆధారం కాదు. గోడకు ఆనుకుని నిలబడి, కాళ్ల మధ్య ఒక పుస్తకం పైకంటా పెట్టి, అక్కడినుంచి నేలదాకా కొలిస్తే వచ్చేదే అసలు కొలత. ఒకే ఎత్తున్న ఇద్దరిలో ఆ కొలత రెండంగుళాలు తేడా రావడం మామూలే.

అన్నిటికంటే పెద్ద విషయం బరువు. నిటారుగా ఉన్న బండిని ఒక వేలితో ఆపొచ్చు. కొంచెం ఒరిగితే తొడ బలం చాలు, ఇంకొంచెం ఒరిగితే ఎంత పొడుగు మనిషైనా వదిలేయాల్సిందే. వదిలేయాల్సిన ఆ హద్దు ఎంత తొందరగా వస్తుందనేది బరువును బట్టి, ఆ బరువు ఎంత పైన ఉందనేదాన్ని బట్టి ఉంటుంది. అందుకే 160 కిలోల దరిదాపు ఉండే ఎక్స్‌పల్స్ మామూలు రకాన్ని, 825 సీటుతో కూడా, పొట్టివాళ్లు హాయిగా తిప్పేస్తారు. అదే సీటు ఎత్తుతో 230 కిలోల బండి ఇస్తే ఆ కథ వేరు. ఎత్తా, బరువా అని ఎంచుకోవాల్సి వస్తే నేను బరువు తగ్గించుకోమనే చెబుతాను.

ఇక విద్య సంగతి. పరుగులో ఉన్న బండికి కాళ్లతో పని లేదు, ఆగే చివరి అడుగులోనే తంటా. అక్కడ కావాల్సింది రెండు కాళ్ల మునివేళ్లు కాదు, ఒక్క కాలి నిండు పాదం. బండి ఆగబోతుండగా తుంటిని సీటు మీద రెండు మూడంగుళాలు పక్కకు జారిస్తే అప్పటిదాకా గాల్లో వేలాడిన కాలు మడమతో సహా నేలకు దిగుతుంది. రెండో కాలు ఫుట్‌రెస్ట్ మీదే ఉంటుంది. సాధారణంగా ఎడమకాలు దించి, కుడికాలు వెనక బ్రేకు మీద ఉంచమంటారు. ఎత్తు రోడ్డు మీద బండి వెనక్కి జారకుండా పట్టేది ఆ బ్రేకే.

విదేశీ వీడియోల్లో చెప్పే ఈ పాఠంలో మనకు ఒక మెలిక ఉంది. వాన నీళ్లు పోవడానికి రోడ్డును నడుమ ఎత్తుగా, అంచులకు వాలుగా వేస్తారు. అమెరికాలో, యూరప్‌లో చాలాచోట్ల కుడివైపు నడుపుతారు కాబట్టి వాళ్ల ఎడమకాలి కింద నేల ఎత్తుగా ఉంటుంది. మనం నడిపేది ఎడమవైపు. మన ఎడమకాలి కింద నేల పల్లంగా ఉంటుంది, అందాల్సిన పాదం ఇంకో అంగుళం అందకుండా పోతుంది. సిగ్నలు దగ్గర రోడ్డు అంచుకు ఒదిగి ఆగితే ఈ పల్లం మరీ ఎక్కువ. కాబట్టి మనవాళ్లు కుడికాలు దించడమూ నేర్చుకోవాలి. అప్పుడు వెనక బ్రేకు అందదు, ముందు బ్రేకును చేత్తో పట్టి ఉంచాలి. హ్యాండిలు మాత్రం తిన్నగా ఉండాలి. హ్యాండిలు తిరిగి ఉండగా ముందు బ్రేకు గట్టిగా పట్టారా, బండి నేల మీద ఉంటుంది. మారేడుమిల్లి ఘాట్‌లోనో, శ్రీశైలం ఘాట్‌లోనో మలుపుల్లో రోడ్డు ఒకసారి ఇటు, ఒకసారి అటు వాలుతుంది. అక్కడ ఎదుటి లారీకి దారివ్వడానికి ఆగాల్సి వస్తే ఏ కాలు దించాలో ఆగాక కాదు, పది గజాల ముందే తేల్చుకోవాలి. అలవాటైన పొట్టి రైడర్ల కళ్లు ఎప్పుడూ నేలను వెతుకుతుంటాయి. ఎక్కడ గుంత ఉంది, ఎక్కడ కంకర లేచింది, ఏ రాయి మీద కాలు మోపొచ్చు అని.

అసలు కాలు దించే అవసరాన్నే తగ్గించేది హాఫ్ క్లచ్. తెల్లవారుజామున ఖాళీ మైదానంలో మొదటి గేరులో, యాక్సిలరేటరు కొద్దిగా ఇచ్చి, క్లచ్ సగంలో పట్టి, వెనక బ్రేకు తేలిగ్గా నొక్కి ఉంచి మనిషి నడిచే వేగంతో సున్నాలు చుట్టడం అలవాటు చేసుకోవాలి. చూపు ముందు చక్రం మీద కాకుండా వెళ్లాల్సిన చోటు మీద ఉండాలి. ఇది పట్టుబడ్డవాడికి ట్రాఫిక్కులో కాళ్లు ఈడ్చుకుంటూ పోయే పని ఉండదు. లడఖ్‌లో రోడ్డుకు అడ్డంగా పారే నాలాల దగ్గరా ఇదే విద్య. నీళ్ల కింది గుండ్రాళ్ల మీద కాలు దించితే ఆరడుగుల మనిషికీ జారుతుంది. అక్కడ బండిని ఆపకుండా లాక్కుపోవడమే దారి.

ఎక్కడానికి రహియే అంత సాహసం అక్కర్లేదు. బండి సైడ్ స్టాండు మీద, గేరులో ఉండాలి. ముందు బ్రేకు పట్టి, ఎడమ ఫుట్‌రెస్ట్ మీద నిలబడి కాలు అవతలికి వేయొచ్చు. బరువైన బండికి సామాను కూడా కట్టి ఉంటే మాత్రం ఆ బరువంతా సైడ్ స్టాండు మీద పడుతుంది, అప్పుడు వద్దు.

ఇంత నేర్చుకోకుండానే బండిని కోయించడానికి ఆటోనగర్‌కు పరుగెత్తడం నాకు నచ్చదు. ముందు మందపాటి అడుగున్న బూట్లు, తర్వాత వెనక షాక్ అబ్జార్బర్ స్ప్రింగు బిగువు తగ్గించడం. ఇవి చాలకపోతే సీటు. హిమాలయన్ 450కి కంపెనీయే 805 మిల్లీమీటర్లకు దిగే సీటు ఇస్తుంది. లేదంటే సీటు పనివాళ్లున్నారు. కవరు విప్పి, ఫోము మీద స్కెచ్ పెన్నుతో గీత గీసి, పొడుగు కత్తితో చెక్కి, గ్రైండరుతో నున్నగా చేసి, మళ్లీ కవరు బిగించి ఇస్తారు. చెప్పాల్సిందల్లా నడుమ కాదు, ట్యాంకు దగ్గర రెండు అంచులూ చెక్కమని. నడుమ తవ్వేస్తే కాలు అందుతుంది గానీ, కర్నూలు దాటేలోపు వెన్నెముక చివర కూర్చోనివ్వదు.

లోయరింగ్ లింకులు ఆఖరి మాట. వెనక లింకు మార్చితే బండి రెండు మూడు సెంటీమీటర్లు దిగుతుంది, నిజమే. దాంతో గ్రౌండ్ క్లియరెన్సూ పోతుంది, ఏ రాయిని తప్పించుకోవడానికి ఆ బండి కొన్నారో ఆ రాయే కింద తగులుతుంది. ముందు ఫోర్కులను కూడా అంతే దించకపోతే మలుపుల్లో బండి మొరాయిస్తుంది. చాలామందికి తట్టనిది సైడ్ స్టాండు. బండి దిగాక స్టాండు పొడవెక్కువై బండి దాదాపు నిటారుగా నిలబడుతుంది, చిన్న గాలికో, పక్కవాడి మోచేతికో అవతలి పక్కకు పడిపోతుంది. స్టాండు కూడా కోయించి వెల్డింగు చేయిస్తేనే ఆ పని పూర్తయినట్టు. ఖర్చుకు వెనకాడనివాళ్లకు ఇంకో దారుంది. 2021లో హార్లే పాన్ అమెరికా, ఆ తర్వాత బీఎండబ్ల్యూ ఆర్ 1300 జీఎస్, బండి ఆగబోతుంటే తమంతట తామే కిందికి దిగే ఏర్పాటుతో వచ్చాయి. బీఎండబ్ల్యూది 850 నుంచి 820కి దిగుతుంది.

ఎన్ని చేసినా బండి ఒకరోజు పడుతుంది. లేపడం వచ్చినవాడికి ఆ భయం సగం పోతుంది. ముందు ఇంజిను ఆపాలి. కుడివైపు పడితే సైడ్ స్టాండు ముందే తెరిచి, గేరులో వేయాలి. తర్వాత సీటుకు వీపు ఆనించి గొంతుక్కూర్చుని, ఒక చేత్తో హ్యాండిలు, మరో చేత్తో వెనక ఫ్రేము పట్టుకుని, నడుము వంచకుండా తొడల బలంతో చిన్న చిన్న అడుగులు వెనక్కి వేస్తూ లేపాలి. ఐదడుగుల మనిషి కూడా 200 కిలోల బండిని ఇలా లేపగలరు.

కొనేముందు షోరూములో చదునైన నేల మీద చూసి సంతోషపడొద్దు. ప్రయాణాల్లో వేసుకునే బూట్లతో వెళ్లి, బండిని బయటి వాలు రోడ్డు మీదికి తీసుకెళ్లండి. ఆపండి, దిగండి, ఇంజిను ఆపి పక్కన నిలబడి వెనక్కి తోయండి. మునివేళ్ల మీద ఊగుతూ కూర్చుని వెనక్కి నెట్టలేం కాబట్టి ఈ పని రోజూ పడుతుంది, గోడవైపు పల్లంగా ఉన్నచోట బండి ముక్కు గోడకు పెట్టి ఆపకూడదన్న సంగతీ అక్కడే తెలుస్తుంది. టెస్ట్ రైడు బండిలో పెట్రోలు అడుగున ఉంటుంది. 17 లీటర్ల ట్యాంకు నిండితే పైన ఇంకో పన్నెండు కిలోలు చేరతాయని లెక్కలో వేసుకోండి. ఇంట్లోవాళ్లు వెనక కూర్చునేట్టయితే వాళ్లనూ వెంట తీసుకెళ్లండి. మీరు కాలు మోపి, బ్రేకు పట్టి, ఊఁ అన్నాకే వాళ్లు ఎక్కాలి. దిగేటప్పుడు ముందు వాళ్లు, తర్వాత మీరు.