ఎడమచేతిలో గమకం

చిన్న కీబోర్డు, రిథమ్ ప్యాడ్, ఒక ఫోనో లాప్‌టాపో, బుల్లి మిక్సర్, నాలుగైదు కేబుళ్లు. నెల్లూరు తీరంలో మైపాడు, కృష్ణపట్నం, కోట, వాకాడు వైపు తిరునాళ్లకూ పెళ్లిళ్లకూ వెళ్లే పాటకచేరి బృందానికి ఇవాళ ఈ సరంజామా చాలు. ఇద్దరు మోటార్‌సైకిల్ మీద పట్టుకుపోవచ్చు. ఒకప్పుడు ఇదే పనికి హార్మోనియం, తబలా, డోలక్, కాంగోలు, డ్రమ్ములు, వాటన్నిటికీ ఒక వ్యాను కావలసి వచ్చేది. బరువు తగ్గింది గానీ విద్య తగ్గలేదు. తగ్గిందనేవారు చేయి తిరిగినవాడు వాయించగా వినలేదన్నమాట.

ఈ కీబోర్డుల్లో కంట్రోలర్ అనే రకానికి సొంత గొంతు లేదు. ఏ మెట్టు నొక్కారో, ఎంత విసురుగా నొక్కారో అన్న కబురు మాత్రమే అది పంపుతుంది. నాదం పుట్టేది ఫోన్‌లోనో లాప్‌టాప్‌లోనో. ఆ కబురుకు 1983లో కుదిరిన ఉమ్మడి భాషే మిడి. అందుకు ముఖ్యులైన ఇకుతారో కకెహాషి, డేవ్ స్మిత్‌లకు 2013లో టెక్నికల్ గ్రామీ దక్కింది. మెట్టు మీద పడిన దెబ్బ బలాన్ని మిడి 1 నుంచి 127 వరకు అంకెల్లో కొలుస్తుంది. ఆ కొలత సరిగా అందించని కీబోర్డు ఎంత చౌకగా దొరికినా దండగే.

తెలుగు పాటకు ప్రాణం పోసేది మాత్రం మెట్ల వరుసకు ఎడమవైపున ఉండే పిచ్ బెండ్ చక్రం. మెట్టు నొక్కితే స్వరం నిలువుగా నిలబడుతుంది. చక్రం కదిలితే ఊగుతుంది; ఆ ఊపే గమకం. మిడిలో ఈ ఊపుకు 16,384 అంచెలున్నాయి కాబట్టి జారు తునకలుగా విరగదు. తోడి రాగమే తీసుకుంటే, సాధారణ గాంధారం మీద కుడివేలు ఉంచి, ఎడమచేత్తో చక్రాన్ని వెనక్కి పూర్తిగా లాగితే శుద్ధ రిషభం, ముందుకు పూర్తిగా నెడితే శుద్ధ మధ్యమం పలుకుతాయి. చక్రానికి మామూలుగా ఉండే హద్దు అటు రెండు, ఇటు రెండు స్వరస్థానాలు. తోడి గాంధారపు కంపితానికి సరిగ్గా అంతే కావాలి. ఆ ఊపు వేగం, లోతు, ఎక్కడ ఆపాలన్న తూకం ఏ యంత్రంలోనూ ముందుగా నింపి రాదు. కుడిచేయి స్వరం పలికిస్తుంటే ఎడమచేయి పాడాలి. ఏళ్ల సాధన అక్కడే కనిపిస్తుంది.

మెట్లు స్వరాన్ని ఊపలేవన్న నెపంతోనే ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని బహిష్కరించింది. ఆ నిషేధం సడలడానికి 1971 దాకా పట్టింది. ఆ పాత అభియోగానికి ఈ చక్రం గట్టి జవాబు. చెన్నైలో చిన్ననాటి నుంచే కీబోర్డు మీద నిండు కర్ణాటక కచేరీలు చేసిన కె. సత్యనారాయణన్ ఎడమచేతిని చూస్తే ఇక వాదన మిగలదు. పాలకొల్లు బిడ్డ ఉప్పలపు శ్రీనివాస్ అయితే అంతకుముందే, 1983లో, ఎలక్ట్రిక్ మాండొలిన్‌తో బెర్లిన్ జాజ్ ఉత్సవాన్ని ఊపేశాడు. ఎనిమిది తంత్రుల వాద్యాన్ని అయిదు తంత్రులకు తగ్గించి, దాని చేత గమకం పలికించిన ఆ మహానుభావుడి తరవాత కరెంటు వాద్యానికి శాస్త్రీయత లేదనడం అన్యాయం. సినీ సంగీత దర్శకుడు దేవిశ్రీప్రసాద్ ఆయన దగ్గరే మాండొలిన్ నేర్చుకున్నాడు. ఇక కీబోర్డు సంగతికొస్తే, సంగీత దర్శకులు రాజ్-కోటిల వద్ద దాన్ని వాయించిన దిలీప్ అనే కుర్రవాడు తరవాత ఏ.ఆర్. రెహమాన్ అయ్యాడు.

కంట్రోలర్ కొనేవారు మొదట చూడవలసింది ఈ చక్రాన్నే. కొన్ని బుల్లి కీబోర్డుల్లో చక్రానికి బదులు రెండు బటన్లు పెడతారు. వాటితో జారు వస్తుంది, కంపితం రాదు. బొటనవేలితో తిప్పే చిన్న జాయ్‌స్టిక్ కొంత నయం; అసలు చక్రానికి మాత్రం సాటిరాదు.

ఇక ప్యాడ్. 1985లో రోలాండ్ కంపెనీ తెచ్చిన మొదటి ఆక్టోప్యాడ్‌కు ఎనిమిది పలకలే తప్ప శబ్దం లేదు. అదీ అచ్చమైన కంట్రోలరే. తరవాత వచ్చిన ఎస్పీడీ-20 తన కడుపులోనే వందల శబ్దాలు మోసుకొచ్చి మన వేదికల మీద స్థిరపడింది. మంచి వాద్యకారుడు ఒక పలకకు డప్పు సిర్ర దెబ్బను, పక్క పలకకు చిటికెన పుల్ల దెబ్బను అప్పగిస్తాడు. రెండు పుల్లల మధ్య బలం తేడా చూపిస్తూ, వినీ వినపడని చిన్న దెబ్బలతో సందులు నింపుతాడు. కాలికింద పెడల్‌తో బేస్ డ్రమ్ కొడుతూ, చరణం మధ్యలో డోలక్ నుంచి తబలాకు దూకుతాడు. నలుగురి పని ఒక్కడు చేసే ఈ నేర్పుకు దక్కవలసిన గౌరవంలో పదోవంతు కూడా దక్కడం లేదు.

ఉపకరణాల సంగతి చిన్నదే అయినా తీరంలో కచేరి నిలిచేదీ కూలేదీ వాటివల్లే. ఉప్పుగాలికి జాక్‌లు చిలుమెక్కుతాయి, ఇసుక మెట్ల సందుల్లో దూరుతుంది. వాయించని వేళల్లా గుడ్డ కప్పి ఉంచాలి. జనరేటర్ మీద నడిచే వేదికపై గుర్రుమనే చప్పుడుకు కీబోర్డుకూ మిక్సర్‌కూ మధ్య పెట్టే డీఐ బాక్స్ మందు. రోలాండ్ ప్యాడ్ అడాప్టర్ 9 వోల్టులది, దాని పిన్ను లోపలివైపు నెగటివ్. యమహా కీబోర్డులకు వాడే 12 వోల్టుల అడాప్టర్‌కు లోపల పాజిటివ్. చీకట్లో ఒకదానిది ఇంకోదానికి గుచ్చితే పరికరం కాలిపోవచ్చు, కాబట్టి రంగు టేపు చుట్టి గుర్తు పెట్టుకోవాలి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు పనికిరావు. శబ్దం ఆలస్యంగా చెవికి చేరి తాళం తప్పిస్తుంది.

ఇంత విద్యకు ఎసరు పెడుతున్నది పెన్‌డ్రైవ్. వేదికంతా లైట్లు, కీబోర్డుకు తీగ కూడా ఉండదు, వెనుక ముందే రికార్డు చేసిన ట్రాక్ మోగుతుంటుంది, ముందు నిలబడినవాడు వేళ్లు ఆడిస్తుంటాడు. దాన్ని ఆర్కెస్ట్రా అని కరపత్రంలో అచ్చువేయడం జనాన్ని మోసగించడం. దెబ్బ బలం తెలియని నకిలీ ప్యాడ్లు, ఒకే తాళాన్ని ఒకే తీరున తెల్లవార్లూ తిప్పే ఆటో రిథమ్‌లు ఈ మోసానికి తోడయ్యాయి. హరికథా విద్వాంసుడు సాంబమూర్తి ఇంట పుట్టిన ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం సినిమాల్లో స్థిరపడకముందు నడిపిన లైట్ మ్యూజిక్ బృందంలో ఇళయరాజా గిటారు, హార్మోనియం వాయించాడు. అలాంటి బృందం ట్రాక్‌తో నడిచి ఉంటే ఒక ఇళయరాజాకు వేదిక దొరికేదా? ఆ బాలు సొంత జిల్లా నెల్లూరులో ఇవాళ వాద్యకారుడు పస్తుంటే ట్రాక్ మోగడం భరించరానిది.

ఉత్సవ కమిటీలు, పెళ్లివారు చేయగలిగింది ఒకటుంది. అడ్వాన్సు చేతిలో పెట్టేముందు కీబోర్డు, ప్యాడ్ ఎవరు వాయిస్తారో పేర్లు అడిగి రసీదులో రాయించుకోవాలి. కరపత్రంలో గాయకుల పక్కన ఆ పేర్లనూ అదే సైజు అక్షరాల్లో వేయించాలి.