స్త్రీవాద కవిత్వంలో భిన్నస్వరాలు: ‘పైట’, ‘కొంగు’ కవితల పరిశీలన

ఉపోద్ఘాతం

తెలుగు స్త్రీవాద సాహిత్యం పురుషాధిక్యంతో చేసిన వాదాన్ని విమర్శకులు విస్తారంగా చర్చించారు. స్త్రీలు తమలో తాము చేసుకున్న వాదాన్ని కూడా అంతే శ్రద్ధగా పరిశీలించవలసి ఉంది. ఉద్యమంలో తలెత్తిన అభిప్రాయభేదాన్ని ఎలా స్వీకరించాలి అన్న ప్రశ్నకు జయప్రభ ‘పైట’, జూపాక సుభద్ర ‘కొంగు’ కవితలు మంచి ఆధారం. ఈ రెండింటి సంబంధాన్ని వివరించడమే ఈ వ్యాస లక్ష్యం.

ఒకే గుడ్డ, రెండు పేర్లు

జయప్రభ కవితలో పైట స్త్రీ దేహంపై సమాజం ఉంచిన నిఘాకు గుర్తు. సిగ్గునూ శీలాన్నీ గుడ్డతో కొలిచే సంస్కృతిని ప్రశ్నించి, ఆ పైటను తగలెయ్యాలన్నారామె. సుభద్ర అదే గుడ్డను శ్రమ వైపు నుంచి చూశారు. కాయకష్టం చేసే దళిత స్త్రీకి కొంగు పనిలో తోడు. పేరు మారడంలోనే వాదమంతా ఉంది. పైట అన్నప్పుడు గుండెమీది గుడ్డ గుర్తొస్తుంది. కొంగు అన్నప్పుడు చేతికందే అంచు గుర్తొస్తుంది.

రెండో కవిత మొదటిదాన్ని అబద్ధమనలేదు. ‘స్త్రీ’ అన్న మాటకు అందరి అనుభవమూ ఒకటేనన్న ఊహను మాత్రం ఒప్పుకోలేదు. సుభద్ర జవాబుతో చర్చ ముగిసిందని తీర్పు చెబితే రెండు నష్టాలున్నాయి: దళిత స్త్రీ కేవలం శ్రమజీవిగా మిగిలి, ఆమెపై పడే చూపులు మరుగున పడతాయి, పై కులాల స్త్రీ ఇంటి చాకిరీ లెక్కలోకి రాదు.

సంకలనాల తీరు

ఓల్గా సంపాదకత్వంలో ‘నీలిమేఘాలు’ 1993లో వచ్చింది. గోగు శ్యామల సంపాదకత్వంలో 1921–2002 మధ్య దళిత స్త్రీల సాహిత్యంతో ‘నల్లపొద్దు’ 2003లో వెలువడింది. ఒకరి సంకలనంలో కాస్త చోటు దొరకడం వేరు, ఎంపిక చేసే అధికారం సొంతం కావడం వేరు. కనుక విడి సంకలనాలు అవసరమే. అయితే స్త్రీవాదాన్నీ దళితవాదాన్నీ వేరువేరు పాఠాలుగా బోధిస్తే వాటి మధ్య నడిచిన సంవాదం విద్యార్థికి అందదు.

నర్సీపట్నం నుంచి చూస్తే

మైదానం ముగిసి మన్యం మొదలయ్యే నర్సీపట్నం నుంచి చూసినప్పుడు ఈ రెండు కవితల్లో లేని మరో అనుభవం కనిపిస్తుంది. జి. మాడుగుల మండలం వాకపల్లిలో తమపై పోలీసులు అత్యాచారం చేశారని 2007 ఆగస్టులో 11 మంది కోందు స్త్రీలు ఫిర్యాదు చేశారు. విశాఖపట్నంలోని ప్రత్యేక న్యాయస్థానం 2023 ఏప్రిల్‌లో నిందితులను నిర్దోషులుగా ప్రకటించింది. అదే తీర్పులో దర్యాప్తు లోపాలను ఎత్తిచూపి, ఆ స్త్రీలకు పరిహారం చెల్లించాలని ఆదేశించింది. దేహగౌరవం గురించి వారు లేవనెత్తిన ప్రశ్నలో లింగం, కులం, శ్రమలతోపాటు రాజ్యాధికారం కూడా ఉంది. పైట, కొంగుల చర్చ దాన్ని పూర్తిగా ఇముడ్చుకోలేదు.

ముగింపు

భిన్నాభిప్రాయాన్ని గౌరవించడమంటే అందరినీ ఒక మాటమీదికి తేవడమని అర్థం చెప్పుకోనక్కరలేదు. మొదటి మాటనూ దానికి వచ్చిన ఎదురుమాటనూ కలిపి చదవగలగాలి. ‘పైట’ చెప్పే తరగతిలోనే ‘కొంగు’నూ చెప్పాలి. ఆ రెండింటిలో ఇంకా ఎవరి మాట లేదో అడిగే అవకాశం విద్యార్థికి ఉండాలి. ఆ ప్రశ్నతోనే స్త్రీవాద విమర్శ ముందుకు సాగుతుంది.