‘ప్రతులకు’ పేజీ వెనుక ఉన్న దుకాణం

తెలుగు పుస్తకం మొదటి పేజీల్లో, ముద్రణ వివరాల కింద, ‘ప్రతులకు’ అని రాసి కొన్ని చిరునామాలు ఇస్తారు. రచయిత ఇంటి చిరునామా ఒకటి, కాచిగూడలోని నవోదయ బుక్ హౌస్ ఒకటి, విశాలాంధ్ర, ప్రజాశక్తి శాఖలు మరికొన్ని. తెలుగు ప్రచురణ ఎవరి మీద ఆధారపడి నడుస్తుందో ఆ నాలుగైదు పంక్తుల్లోనే తెలిసిపోతుంది. కథలు, కవిత్వం, విమర్శ, ఊరి చరిత్రలు చాలామటుకు రచయితలు సొంత డబ్బుతో అచ్చు వేయించుకునేవే. వాళ్లకు గోదాము ఉండదు, ఊరూరా తిరిగి అమ్మే మనుషులుండరు, ప్రకటనలకు సొమ్ముండదు. ప్రెస్సు నుంచి ఇంటికి చేరిన కట్టలు పాఠకుడి చేతికి వెళ్లాలంటే ఆ పనంతా చేసిపెట్టేది పుస్తకాల దుకాణమే.

ఈ వ్యాపారం నమ్మకం మీద నడుస్తుంది. రచయిత పది, ఇరవై ప్రతులు తెచ్చి ఇస్తాడు. దుకాణదారు డబ్బిచ్చి కొనడు, అమ్మకానికి ఉంచుకుంటాడు. అమ్ముడుపోయిన వాటికి కమీషన్ తీసుకుని మిగతా సొమ్ము ఇస్తాడు, పోనివి తిరిగి ఇచ్చేస్తాడు. కమీషన్ పుస్తకం వెలలో మూడో వంతు నుంచి సగం దాకా ఉంటుంది. రచయితలకు ఇది ఎక్కువగానే కనిపిస్తుంది, లెక్కలు తేలడానికి నెలలు పట్టినప్పుడు బాధా కలుగుతుంది. అయితే ఆ కమీషన్‌లోనే అద్దె, కరెంటు, జీతాలు, కొనేవారికిచ్చే తగ్గింపు అన్నీ సర్దుకోవాలి. ఏడాదికి నాలుగు ప్రతులు పోయే పుస్తకానికి అరలో చోటివ్వడం లాభం చూసుకునే లెక్కల్లో ఇమడదు. అయినా ఇస్తారు. తెలుగులో కొత్త కవి మొదటి సంపుటి జనం కంటపడుతోందంటే కారణం అదే.

దుకాణం అసలు పనితనం కౌంటరు దగ్గర కనిపిస్తుంది. వచ్చినవాళ్లు చాలాసార్లు పుస్తకం పేరు సరిగా చెప్పలేరు. రచయిత ఇంటిపేరో, అట్ట మీది బొమ్మో, ఎప్పుడో వారపత్రికలో సీరియల్‌గా చదివిన జ్ఞాపకమో చెబుతారు. అనుభవమున్న దుకాణదారు ఆ కొద్ది ఆనవాలుతోనే పుస్తకం తీసి ముందు పెడతాడు. అది అచ్చులో లేకపోతే ఎవరి దగ్గర పాత ప్రతి దొరకవచ్చో, ఏ సమగ్ర సంపుటిలో చేరిందో చెబుతాడు. రావిశాస్త్రిని చదివి వచ్చినవాడికి పతంజలిని చూపిస్తాడు, కొడవటిగంటి కుటుంబరావు కథలు అడిగినవాడికి ఆయన వ్యాసాలూ ఉన్నాయని గుర్తుచేస్తాడు. ఈ ఎరుక ఏ కేటలాగులోనూ రాసి ఉండదు. ముప్పై, నలభై ఏళ్లపాటు కౌంటరులో నిలబడి, పాఠకులతో మాట్లాడి, వచ్చిన ప్రతి పుస్తకాన్నీ కనీసం తిరగేసి సంపాదించుకున్నది. విశ్వవిద్యాలయాల్లో పరిశోధన చేసేవాళ్లు తమ విషయానికి కావలసిన పుస్తకాల జాబితా కోసం ఈ దుకాణాలకే వస్తారంటే ఆశ్చర్యం లేదు.

ఇలాంటి దుకాణాలు ఒకచోట చేరితే ఊరి స్వభావమే మారుతుంది. అందుకు విజయవాడ ఏలూరు రోడ్డు మంచి ఉదాహరణ. విశాలాంధ్ర, బాపు రమణల పుస్తకాలతో పేరుపడ్డ నవోదయ పబ్లిషర్స్ వంటివి అక్కడ కొనుగోలుదారులకే కాక, రచయితలకు, చిత్రకారులకు, కార్యకర్తలకు కలుసుకునే చోట్లయ్యాయి. విశాలాంధ్ర, ప్రజాశక్తి కమ్యూనిస్టు పార్టీల సంస్థలు కాబట్టి స్వతంత్ర దుకాణాలు అనవచ్చా అన్న ప్రశ్న రావచ్చు. పాఠకుడి వైపు నుంచి చూస్తే వాటి సేవ పార్టీ హద్దులు దాటింది. మాస్కోలో తెలుగులోనే అచ్చయిన రాదుగ, ప్రగతి ప్రచురణలు, రంగుల బొమ్మల పిల్లల పుస్తకాలు, చవక వెలకు చిన్న ఊళ్ల దాకా చేరింది విశాలాంధ్ర ద్వారానే. 1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమయ్యాక ఆ రాక ఆగిపోయింది. ఆ పాత ప్రతుల కోసం ఇప్పటికీ వెతికేవాళ్లున్నారు. వాళ్లు వెళ్లేది అదే విజయవాడలో లెనిన్ సెంటర్ దగ్గరి పాత పుస్తకాల కొట్లకో, హైదరాబాదులో ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీదికో. కొత్త పుస్తకాల దుకాణానికి పాత పుస్తకాల కొట్టు పోటీ కాదు. అచ్చులో లేనిదాన్ని బతికించేది అదే, కొత్త పాఠకుణ్ణి తక్కువ డబ్బుతో తయారుచేసేదీ అదే.

దుకాణం లేని ఊళ్లకు పుస్తకం మరో దారిన వెళ్తుంది. ఆవిష్కరణ సభ జరిగితే హాలు గుమ్మం పక్కన బల్ల వేసి అమ్ముతారు. మహాసభలకు, కాలేజీ ఉత్సవాలకు కట్టలు మోసుకెళ్తారు. 1989లో మొదలైన విజయవాడ పుస్తక మహోత్సవం ఏటా జనవరి తొలి రోజుల్లో జరుగుతుంది. డిసెంబరు, జనవరి ప్రాంతాల్లో జరిగే హైదరాబాదు పుస్తక ప్రదర్శనకూ వేలమంది వస్తారు. మామూలు రోజుల్లో దుకాణం గడప తొక్కనివాళ్లు కూడా అక్కడ సంచులు నింపుకుంటారు. చాలామంది రచయితలు తమ పుస్తకం ఈ తేదీలకు అందేలా ప్రెస్సుల వెంటపడతారు.

సాహిత్యం ఒక్కటే అమ్మి అద్దె కట్టడం కష్టం. అందుకే పోటీపరీక్షల గైడ్లు, ఉగాది పంచాంగాలు, స్తోత్ర పుస్తకాలు, నిఘంటువులు కూడా పెడతారు. వాటి మీద వచ్చే రాబడే వెనుక అరలోని కవిత్వాన్ని నిలబెడుతుంది. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. పంచాంగం కోసం వచ్చిన మనిషి చేతికి కథల పుస్తకం తగలడం ఇలాంటి చోటే జరుగుతుంది. గ్రంథాలయాల కొనుగోళ్లు కూడా పెద్ద ఆసరా. ఆస్తిపన్నుతోపాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. ఆ డబ్బు జిల్లా గ్రంథాలయ సంస్థలకు సకాలంలో అంది, వాళ్లు ఏటా పుస్తకాలు కొంటే చిన్న ప్రచురణకర్తలూ దుకాణాలూ తేరుకుంటాయి. కొనుగోళ్లు ఆగిన ఏడాది దెబ్బ ముందుగా తగిలేది వీళ్లకే.

ఆన్‌లైన్ అంగళ్లు వచ్చాక ఈ దుకాణాల పని పోయిందనుకోవడం తొందరపాటు. పేరు తెలిసిన పుస్తకం అక్కడ సులువుగా దొరుకుతుంది. పేరు తెలియని పుస్తకాన్ని పరిచయం చేసే మనిషి మాత్రం అక్కడ లేడు. పైగా రచయిత ఇంట్లో మిగిలిన ఆఖరి ఇరవై ప్రతులు చాలాసార్లు ఆ జాబితాలకు ఎక్కనే ఎక్కవు. దుకాణాలూ పద్ధతి మార్చుకున్నాయి. కొత్తగా వచ్చిన పుస్తకాల అట్టల ఫొటోలు వాట్సాప్‌లో పంపుతున్నాయి, ఫోన్‌లోనే డబ్బు తీసుకుని ఆర్టీసీ కార్గోలోనో స్పీడ్ పోస్టులోనో పార్సిల్ వేస్తున్నాయి. అమెరికా నుంచి సెలవులకు వచ్చే తెలుగువాళ్లు జాబితా ముందే పంపితే, పది చోట్ల నుంచి తెప్పించి, వాళ్లు తిరుగు విమానం ఎక్కేలోగా ఒక్క కట్టగా కట్టి ఇస్తున్నాయి.