'వలస' మాటున వెట్టి: నల్లగొండ పాట, పాలమూరు అనుభవం

మానవ అక్రమ రవాణా అనగానే సరిహద్దులు, ముఠాలు, అపహరణలు స్ఫురిస్తాయి. ఐక్యరాజ్యసమితి 2000లో ఆమోదించిన పలెర్మో ప్రోటోకాల్ మాత్రం ఎదుటివారి నిస్సహాయతను ఆసరా చేసుకొని శ్రమదోపిడి కోసం మనుషులను చేర్చుకోవడాన్ని కూడా ఈ నేరంగానే నిర్వచించింది. బాలల విషయంలో బలవంతం, మోసం లేకపోయినా అది నేరమే. ఈ దృష్టితో దక్షిణ తెలంగాణ సాహిత్యాన్ని పరిశీలిస్తే, మన విమర్శలో స్థిరపడిన కొన్ని మాటలను పునరాలోచించవలసి వస్తుంది.

నల్లగొండ ప్రజాకవి సుద్దాల హనుమంతు రాసిన 'పల్లెటూరి పిల్లగాడా' పాట 'మా భూమి' చిత్రం ద్వారా విస్తృత ప్రచారం పొందింది. దీన్ని సాధారణంగా కరుణరసాత్మక గీతంగానే పరిగణిస్తారు. కాని ఈ పాట పశులకాపరి బాలుణ్ణి ప్రశ్నిస్తూ సాగుతుంది. పనిలో చేరి ఎంత కాలమైందో అడుగుతుంది. ఒంటిమీది బట్టను, కాలి జోళ్లను గమనిస్తుంది. జీతంగా కొలిచే గింజల్లో తాలు కలిసిన సంగతిని బయటపెడుతుంది. పనికాలం, వేతనం, కొలతలో మోసం: దోపిడిని రుజువు చేయడానికి కావలసిన ఆధారాలివే. ఇక్కడ జాలి గమ్యం కాదు. లెక్క అడగడానికి మార్గం.

1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం తన నిర్వచనంలో భగేలా, జీతా, పాలేరు, వెట్టి అనే స్థానిక పేర్లను చేర్చింది. అంటే పాటలోని 'జీతగాడు' చట్టానికీ పరిచితుడే. మహబూబ్‌నగర్ నుంచి ఆనకట్టల, కాలువల పనులకు తరలిన 'పాలమూరు లేబర్' పేరు ఆ జాబితాలో లేదు. అయినా గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీరేదాకా పని వదలలేని కూలీకి ఆ నిర్వచనం వర్తిస్తుంది. అప్పు కారణంగా వేరే పనికి వెళ్లే స్వేచ్ఛను కోల్పోవడమే అందుకు ప్రమాణం.

ఈ అనుభవంపై వెలువడిన రచనలను 'వలస సాహిత్యం'గా వర్గీకరించడం మనకు అలవాటైంది. 'వలస' కదలికను చెబుతుంది; కదిలించినవారిని చెప్పదు. కరువొక్కటే కారణమైనప్పుడు మేస్త్రీ, గుత్తేదారు విమర్శకుని దృష్టి నుంచి తప్పుకుంటారు. అయితే వలసలన్నీ వెట్టి కావు. ఇష్టపూర్వకంగా వెళ్లి, ఇష్టమైనప్పుడు తిరిగి రాగలిగినవారిని బానిసలనడం వారి నిర్ణయశక్తిని చిన్నబుచ్చడమే అవుతుంది.

కనుక ఈ అంశంపై పరిశోధించేవారు ప్రతి రచనలోనూ మూడు విషయాలు వెతకాలి. అడ్వాన్సు ఎవరిచ్చారు? లెక్క ఎవరి చేతిలో ఉంది? పని మాని ఇల్లు చేరడం సాధ్యమేనా? వీటికి రచనలో దొరికే సమాధానాలను బట్టే దానిని ఏ వర్గంలో చేర్చాలో నిర్ణయించడం సముచితం.