కలిసి వెళ్లండి, విడివిడిగా చూడండి

విశాఖలోని మధురవాడ, కొమ్మాది, పీఎం పాలెం అపార్ట్‌మెంట్లలో జర్మనీ కబుర్లు ఇప్పుడు కొత్త కాదు. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావాటిలో ట్యూషన్ ఫీజు లేకపోవడంతో ఎంఎస్‌కి వెళ్లేవాళ్లు పెరిగారు. ఆ దేశంలోని విదేశీ విద్యార్థుల్లో ఇవాళ మనదేశం వాళ్లే ఎక్కువ. సెమిస్టరు సెలవులు రాగానే భుజాన బ్యాగు తగిలించుకుని నలుగురైదుగురు స్నేహితులు ఊళ్లు చూడ్డానికి బయల్దేరతారు. మంచి పనే. అయితే ఆ ఫొటోలు ఇంటి వాట్సాప్ గ్రూపులోకి వచ్చినప్పుడు ఒకసారి గమనించండి: కొలోన్‌లో ఐదుగురు, బెర్లిన్‌లో ఐదుగురు, మ్యూనిక్‌లోనూ అదే ఐదుగురు, దాదాపు అదే వరసలో. వెనకున్న గోపురం మారుతుంది, అంతే. స్నేహితులతో ఊరు చూడడం కూడా ఒక విద్యే అని, పగటిపూట విడిపోవడం అందులో మొదటి పాఠం అని నా వాదన.

కొలోన్‌నే తీసుకుందాం. స్టేషన్ బయట అడుగు పెట్టగానే తలెత్తి చూడాల్సినంత ఎత్తున కేథడ్రల్ కనిపిస్తుంది. 1248లో మొదలుపెట్టి 1880లో ముగించిన కట్టడం. జంట శిఖరాలు 157 మీటర్లు. దక్షిణ శిఖరం ఎక్కాలంటే 533 మెట్లు, అవీ ఇరుకైన మెలికల మెట్లు, ఎక్కేవాళ్లకు దిగేవాళ్లు అడ్డం వస్తుంటారు. ఐదుగురిలో ఇద్దరికి ఎక్కాలని ఉంటుంది. ఒకరికి మోకాలు సహకరించదు. ఇంకొకరికి పక్కనే ఉన్న లుడ్విగ్ మ్యూజియంలో పికాసో బొమ్మలు చూడాలని. ఐదో మనిషికి రైన్ నది ఒడ్డున కాసేపు కూర్చుంటే చాలు. ఇలాంటి బృందంలో నిర్ణయం ఎవరి ఇష్టాన్ని బట్టీ జరగదు. ఎవరికీ అభ్యంతరం లేనిదాన్ని బట్టి జరుగుతుంది. అందుకని ఎవరూ మెట్లెక్కరు, ఎవరూ మ్యూజియం గుమ్మం తొక్కరు. కేథడ్రల్ ముందు ఒక ఫొటో, ప్రేమికుల తాళాలు వేలాడే హోహెన్‌జోలెర్న్ వంతెన మీద మరొకటి, ఏం తిందామన్న చర్చకు ఒక గంట, ఆపైన రైలు. నలుగురి మొహమాటానికి ఒక ఊరు బలి.

టికెట్లూ ఇందులో తమ పాత్ర పోషిస్తాయి. బవేరియా రాష్ట్రంలో ఒకే టికెట్టు మీద ఐదుగురి దాకా ఒక రోజు ప్రాంతీయ రైళ్లలో తిరగొచ్చు. తలకు పడేది తక్కువే. కానీ టికెట్టు ఒకటి కాబట్టి అందరూ ఒకే రైల్లో ఉండాలి. మ్యూనిక్ నుంచి ఫ్యూసెన్ దాకా సుమారు రెండు గంటలు వెళ్తే, నోయ్‌ష్వాన్‌స్టైన్ కోట లోపల గైడు తిప్పేది అరగంటకు కాస్త పైన. కోట కన్నా దాని చుట్టూ ఉన్న కొండదారులు నచ్చినవాడు కూడా మిగతావాళ్ల వెంట పరుగెత్తాల్సిందే. డాయిచ్‌లాండ్ టికెట్టు అలా కాదు, ఎవరిది వారిదే. 2023 మే నెలలో 49 యూరోలతో మొదలై 2026 జనవరి నుంచి 63 యూరోలైంది. అతివేగపు రైళ్లలో చెల్లదు గానీ దేశమంతటా ప్రాంతీయ రైళ్లు, ట్రాములు, సిటీ బస్సులు నెలంతా ఎక్కొచ్చు. ఒకరు గంట ముందు బయల్దేరినా రెండోవారికి పైసా నష్టం లేదు. మనవాళ్లు దాన్ని చవకని కొంటారు, అది ఇచ్చే వెసులుబాటును మాత్రం వాడుకోరు.

విడిపోయేదానికి స్నేహితులెందుకు, ఒక్కరే పోవచ్చుగా అంటారు. ఒక్కరే పోవడం వేరే విద్య. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫైన్ ఆర్ట్స్ బోధించిన ఆచార్య ఎం. ఆదినారాయణ కాలినడకన దేశం తిరిగి ‘భ్రమణ కాంక్ష’ రాశారు. అంతటి నడక అందరి వల్లా కాదు. నేనంటున్న పద్ధతికి మన సింహాచలం గిరి ప్రదక్షిణే దగ్గర. ఆషాఢ శుద్ధ చతుర్దశి నాడు తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, హనుమంతవాక, అప్పుఘర్, మాధవధార మీదుగా 32 కిలోమీటర్లు నడుస్తారు. కుటుంబాలుగా, స్నేహబృందాలుగా బయల్దేరతారు. కానీ అంత దూరం పక్కవాడి అడుగులో అడుగు వేసి ఎవరూ నడవలేరు. ఒకరు ముందుపోతారు, ఒకరు మజ్జిగ పంచేచోట ఆగిపోతారు, మళ్లీ ఎక్కడో కలుస్తారు. అంతమాత్రాన కలిసి చేసిన ప్రదక్షిణ కాకుండా పోతుందా? ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి దాదాపు వందమంది పరివారంతో కదిలాడు. ఆ యాత్ర గురించి ఆయన రాసిన పుస్తకంలో మిగిలింది మాత్రం ఒక్కడి చూపు. ఆయన యజమాని, అడిగేవాళ్లు లేరనుకోండి. సమాన స్నేహితుల మధ్య ఆ వీలు అందరికీ రావాలంటే విడిపోవడం తప్ప దారి లేదు.

భద్రత మాటేమిటన్నది మాత్రం తోసిపుచ్చదగ్గ అభ్యంతరం కాదు. ముఖ్యంగా అమ్మాయిలకు, భాష రానివాళ్లకు. అందుకే పగటిపూట అన్నాను. డిసెంబరులో బెర్లిన్‌లో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది; అక్కడ పగలంటే ఆ కాస్త వెలుగే. చీకటి పడ్డాక, ఆఖరి రైలుకు, కొత్త హాస్టల్ వెతుక్కునేటప్పుడు అందరూ కలిసే ఉండాలి. ఫోన్ చార్జింగ్ అయిపోతే ఎక్కడ కలవాలో పొద్దున్నే అనుకోవాలి. ఇక సమయం చాలదన్న వాదన నాకే ఉపయోగపడుతుంది: ఉన్నది ఒక్కరోజే అయితే దాన్ని ఐదుగురి రాజీలో పోగొట్టుకోవడం మరీ అన్యాయం.

సాధన ఇక్కడే మొదలుపెట్టొచ్చు. 1976లో నౌకాదళం సర్వేలో బయటపడి, 1988 నుంచి 1993 దాకా తవ్వకాలు జరిగిన తొట్లకొండకు మన కుర్రకారు బీచ్ రోడ్డు మీదుగా బైకుల్లో వెళ్లేది ఎక్కువగా సముద్రం వెనకుండేలా ఫొటో దిగడానికే. రాతిలో తొలిచిన నీటితొట్లు, బౌద్ధ భిక్షువుల గదుల పునాదులు పక్కనే ఉంటాయి. విమానం ఎక్కే ముందు ఒక ఆదివారం మీ బృందంలో ఇద్దరు తొట్లకొండ మీద ఆగండి, ఇద్దరు ఎర్రమట్టి దిబ్బల దగ్గర దిగండి, ఒకరు భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు చూడండి. సాయంత్రం ఐదింటికి భీమిలి లైట్‌హౌస్ దగ్గర కలుసుకోండి. ఎవరైనా అలిగితే ఆ తగువు ఇక్కడే తేల్చుకోండి. జర్మనీలో హాస్టల్ గదికి డబ్బు ముందే కట్టేసి ఉంటారు.