ప్రహ్లాదధ్రువచరిత్రములు – గృహహింసాపీడిత బాలుర పఠనము

పోతనామాత్యుని ప్రహ్లాదచరిత్రము తరతరములుగాఁ దెలుఁగు బాలురకుఁ బాఠ్యమై యున్నది. భక్తిదృష్టితో దానిని విమర్శించినవారు పెక్కురు. ఇంట దెబ్బలకు వెఱచు బాలుఁడు దాని నెట్లు చదువునో విచారించినవా రరుదు. మేళ్లచెరువు శంభులింగేశ్వరస్వామి శివరాత్రి జాతరకు వచ్చు పిల్లలకుఁ బురాణకథ క్రొత్తది కాదు. ఆ గ్రామముననే గాని, కోదాడ మిర్యాలగూడలందుఁ గాని, పండితుని యెదుటఁ గూర్చున్న తరగతిలో నట్టి బాలుఁ డుండఁడని యెవ్వరును జెప్పఁజాలరు. 2019–21 నాఁటి యైదవ జాతీయ కుటుంబారోగ్య సర్వేక్షణమును బట్టి తెలంగాణమున వివాహితలలో నూటికి సుమారు 37 మంది భర్తచేతి శారీరక హింసనో లైంగిక హింసనో యనుభవించినవారు. ఏదో యొక కారణమునకు భర్త భార్యను గొట్టుట న్యాయమే యని యొప్పిన స్త్రీలు నూటికి సుమారు 84 మంది. పాఠ్యవిమర్శకునకు రెండవ సంఖ్యయే ముఖ్యము. అది నేర్చుకొన్న మాట గనుక.

నేర్పిన దేది? శిక్షధాతువునకు విద్యాగ్రహణ మర్థము. వేదాంగమైన శిక్ష వర్ణోచ్చారణశాస్త్రము. తెలుఁగున నా శబ్దము దండనమునందే రూఢమైనది. మహాభాష్యమున సైతము, కోపభర్త్సనాదులందు సంబోధనము రెండుమార్లు పలుకఁబడునని చెప్పు సూత్రముకడ, గురువుల తాడనమును మెచ్చు శ్లోక ముదాహృతమైనది. కోపముతోఁ దన పేరు రెండవసారి వినఁబడక మున్నే మూలకు దాఁగు బాలుఁ డా సూత్రార్థమును వ్యాఖ్యానము లేకయే యెఱుఁగును. 2009 నాఁటి విద్యాహక్కు చట్టము బడిలో శారీరక దండనమును నిషేధించినది, ఇంటిమాట వేఱు.

ప్రహ్లాదుఁడు భయపడఁడు. ఏనుఁగులును, సర్పములును, విషమును నతనిఁ జలింపఁజేయఁజాలవు. భక్తిరసమున కిది గుణము. అయినను, నిర్భయుని జూపి భయపడువాని నూఱడించుట కష్టము. తన భయమే తప్పని బాలుఁడు తలఁచును. ఇంతకంటె గమనింపవలసినది చండామార్కుల నడత. వారు శిష్యుని బెదరించి, రాజునకు వెఱచి, బాలుని మాటలను దండ్రికే చేరవైచిరి. బాలుఁడు రహస్యముగాఁ జెప్పిన మాటను గొట్టినవానికే చెప్పు ఉపాధ్యాయుఁడు నేఁడును వారి కోవలోనివాఁడే. 2005 నాఁటి గృహహింసచట్టము, బాధితవ్యక్తి శిశువైనచో హింసించినవాఁడు శిశువు చదువు పాఠశాలఁ బ్రవేశింపరాదని యుత్తరువు చేయుటకు న్యాయాధికారి కధికార మిచ్చినది. బడి యాశ్రయమన్న భావ మందున్నది.

ఆ భావము భాగవతమునఁ గూడ లేకపోలేదు. ఇంద్రుఁడు లీలావతినిఁ జెఱపట్టి కొనిపోవఁగా నారదుఁడు విడిపించి తన యాశ్రమమున నుంచెను. గర్భస్థశిశువు విన్న యుపదేశమే ప్రసిద్ధమైనది కాని, ఆపన్నయైన స్త్రీకి బయటి పెద్ద చోటిచ్చె ననుట పండితులు చెప్పి దాఁటిపోవు ముచ్చట.

చతుర్థస్కంధమునందలి ధ్రువచరిత్ర మీ పనికి మేలు. అందు దెబ్బ లేదు, మాట గలదు. సురుచి పలుకుచుండ నుత్తానపాదుఁ డూరకుండెను. బాలుఁ డేడ్చెను, తల్లికడకుఁ బోయెను, తల్లి వినెను. ఏడ్పు దోషముగాఁ గవి చెప్పలేదు. కాని సునీతి తన దురదృష్టమునే నిందించుకొనును. ఇచ్చటఁ బండితుఁ డాగవలెను. ఆ నూటికి 84 మంది మాట యిదియే. "ఇందు సునీతి తప్పేమి? ధ్రువుని తప్పేమి?" యని యడుగక పాఠము సాగించినచో, ఇంట విన్నదే బడిలోను విన్నట్లగును.

ఇట్టి ప్రశ్న రసభంగమని యాక్షేపము రావచ్చును. సాధారణీకరణము లేనిదే శోకము కరుణరసము కాదని యాలంకారికులు చెప్పుదురు. నిన్న రాత్రి తల్లి దెబ్బలు తినఁగాఁ జూచిన బాలునికిఁ గలుగునది లౌకికశోకమే. అతనియందు భంగపడుటకు రసమే లేదు. అయినను గథవలన నొక యుపకారము కలదు: తన తండ్రినిఁ గూర్చి నోరు విప్పలేనివాఁడు ఉత్తానపాదునిఁ గూర్చి చెప్పఁగలఁడు. కావున ధ్రువుని మనస్సునుగూర్చి తరగతిలో నడుగవచ్చును. బాలుని యింటినిఁ గూర్చి పదుగురిలో నడుగరాదు. అతఁడు తానుగాఁ దరువాత వచ్చినచో, నమ్మి వినవలెను, తండ్రికిఁ జెప్పరాదు, 1098 అను బాలసహాయ దూరవాణికిఁ దెలుపవలెను. పాఠము చివర నభ్యాసప్రశ్నలతోపాటు ఆ సంఖ్యయు నచ్చుపడుట యుచితము.